బరంపురంలో లెన్స్ అద్దెకు తీసుకునేవాళ్లు ఇది చదివి వెళ్లండి

కోపం ఇంకా చల్లారలేదు, కాబట్టి అక్కడక్కడా మాట తూలితే ఏమీ అనుకోకండి. షాపు పేరు రాయను. మన ఒడిశా బరంపురంలో కెమెరా సామాను అద్దెకిచ్చేవాళ్లు ఎందరున్నారని, సగం మందికి ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది.

ఠాకురాణి యాత్ర సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. రెండేళ్లకోసారి వస్తుంది, రాత్రిళ్లు అమ్మవారి ఘటాలు వీధుల్లో తిరుగుతుంటే వెనకాల పులివేషాలూ దేవుడి వేషాలూ, జనం. ఫొటోలు తీసేవాడికి అంతకన్నా ఏం కావాలి? నాకున్నది సోనీ ఏ7 త్రీ కెమెరా, దాంతో వచ్చిన 28-70 కిట్ లెన్స్. అది జూమ్ చేసి 70 దగ్గరికి వెళ్లేసరికి ఎఫ్ 5.6కి పడిపోతుంది, అంటే లోపలికి వెలుతురు తగ్గిపోతుంది, వీధి లైట్ల వెలుతురులో ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందన, పెంచుకుంటూ పోతే వేషగాడి మొహం రంగులన్నీ ఇసక పోసినట్టు వస్తాయి. అదే సోనీ వాళ్ల ఖరీదైన రకం లెన్స్ 24-70 జీఎం అయితే చివరిదాకా ఎఫ్ 2.8, అంటే అక్కడ నాలుగింతల వెలుతురు. కొనాలంటే లక్ష పైమాట. భువనేశ్వర్ వెళ్లి అద్దెకు తెచ్చుకోవాలంటే 170 కిలోమీటర్లు. సరే, ఊళ్లోనే ఉంది కదా అని వెళ్లాను.

వెళ్లగానే ఎంత మర్యాదండీ! "ఏటి బాబూ, మనోళ్లేనా? ఏ ఊరు మీది?" అని ఓనరు గారు కుర్చీ వేశారు, టీ తెప్పించారు. మాది ఇచ్ఛాపురం అనేసరికి వాళ్ల అత్తగారిది ఆ పక్క ఊరేనట, ఇక చుట్టరికం కలిసిపోయింది. రోజుకి పదిహేను వందలు అద్దె, ఐదు వేలు డిపాజిట్, ఆధార్ ఒరిజినల్ కార్డు వాళ్ల దగ్గరే. ఒరిజినల్ ఎందుకండీ అంటే "మన మధ్య ఏటి బాబూ, లెన్స్ ఇచ్చేసి కార్డు పట్టుకుపో" అన్నాడు. ఇదంతా మామూలే, దీన్ని పక్కన పెట్టండి.

అసలు విషయం ఫిల్టర్ దగ్గర ఉంది. యాత్రలో రంగులూ నీళ్లూ మీద పడతాయని లెన్స్‌కి ముందు అడ్డుగా బిగించే అద్దం, యూవీ ఫిల్టర్ కూడా అడిగాను. షాపు కుర్రాడు 82 ఎంఎం ఫిల్టర్ తీసి బిగించబోయాడు. ఒక చుట్టు కూడా తిరగలేదు. తీసి మళ్లీ పెట్టాడు, ఒక పక్క పట్టుకుంటోంది, రెండో పక్క పైకి లేచిపోతోంది. నేను లైటు కింద పెట్టి చూశాను, ముందు రింగు అంచు ఒకచోట లోపలికి నొక్కుకుపోయి ఉంది. కంటికి అంతగా కనబడదు, గోరు పెట్టి జరుపుతూ వెళ్తే తగులుతుంది. ఎప్పుడో ముందు పక్క నేలకి తగిలి పడి ఉంటుంది, రింగు గుండ్రం పోయింది, మర పట్టదు. "తమ్ముడూ, ఇది బిల్లు మీద రాయి" అన్నాను. "అక్కర్లేదన్నా, ఓనరుకి తెలుసు, ఎవరికిచ్చినా ఇలాగే ఇస్తాం" అని ఆ ఫిల్టర్‌ని దాని డబ్బాలోనే పెట్టి, మూత ఊడకుండా తనే టేపు వేసి బ్యాగులో పడేశాడు. ఓనరు లోపల ఫోన్లో ఉన్నాడు.

తిరిగివ్వడానికి వెళ్లిన రోజు టీ లేదు, కుర్చీ లేదు. ఓనరు లెన్స్ తీసుకుని అద్దం వైపు కనీసం చూడలేదు. లెన్స్ ముందుండే హుడ్ తీశాడు, బొటనవేలు తిన్నగా ఆ నొక్కు దగ్గరికే వెళ్లింది. తడుముకోవడం లేదు, వెతకడం లేదు, సొంత ఇంటి గడియ తీసినట్టు. "ఇక్కడ దెబ్బ తగిలింది, రింగు మార్పించాలి, ఎనిమిది వేలవుతుంది" అన్నాడు. నేను నవ్వాను కూడా, తెలియక అంటున్నాడేమో అనుకుని. అది ముందు నుంచీ ఉంది, మీ కుర్రాణ్నే అడగండి అన్నాను.

కుర్రాడు అక్కడే ఉన్నాడు, నాకు రెండడుగుల దూరంలో, ఏదో బ్యాటరీ తుడుస్తూ. ఓనరు వాణ్ని ఒడియాలో అడిగాడు. వాడు తలెత్తకుండా "ము జాణిని ఆజ్ఞా" అన్నాడు. తెలీదట! తన చేత్తో ఫిల్టర్ పట్టక విసుక్కున్నవాడు, టేపు వేసినవాడు! టేపు విప్పని డబ్బా తీసి కౌంటరు మీద పెట్టి చూపించాను. "టేపు ఎవరైనా వేసుకోవచ్చు." అంతే సమాధానం.

ఇంకో విచిత్రం, అక్కడి నుంచి ఓనరు నాతో తెలుగు మానేశాడు. మొన్న అత్తారి ఊరి కబుర్లు చెప్పిన మనిషి, డబ్బు లెక్క రాగానే శుద్ధ ఒడియా. నాకు ఒడియా రాక కాదు, ఇక్కడే చదువుకున్నాను, అందులోనే తిరిగి వాదించాను కూడా. కానీ మిగతా కస్టమర్లు వింటున్నారు కదా, వాళ్ల ముందు నేను సామాను పాడుచేసి తగాదాకి దిగిన మనిషినైపోయాను. చివరికి డిపాజిట్ ఐదు వేలూ పోయింది, పైన మూడు వేలు ఇస్తేగానీ ఆధార్ కార్డు డ్రాయర్‌లోంచి బయటికి రాలేదు. రసీదు అడిగితే "సిస్టమ్ పనిచేయట్లేదు". యాత్ర ఫొటోలు బాగానే వచ్చాయి లెండి, ఒక్కోటీ ఎంత పడిందో లెక్క వేసుకోవడం లేదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. చూద్దాం.

మీరు వెళ్లేటప్పుడు ఒరిజినల్ ఆధార్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి, చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ కాపీ చాలు, అది ఒప్పుకోకపోతే ఆ షాపు వద్దు. కౌంటరు మీదే ఫోన్లో ఆపకుండా ఒక వీడియో తీయండి, సీరియల్ నంబరు, ముందూ వెనకా అద్దాలు, ఫిల్టర్ మర, అన్నీ పడాలి. ఫంగస్ ఉందో లేదో ఫోన్ టార్చ్ లోపలికి వేస్తే తెలిసిపోతుంది, సముద్రం పక్క ఊళ్లు కదా మనవి. కెమెరా బాడీ కూడా అద్దెకు తీసుకుంటే ఎఫ్ 16 పెట్టి తెల్ల గోడ ఒక ఫొటో కొట్టండి, సెన్సర్ మీద మచ్చలు అందులో దొరికిపోతాయి. కనబడిన లోపం బిల్లు మీద రాయించి సంతకం పెట్టించండి. ఓనరుకి తెలుసు అంటే, ఆ తెలిసిన ఓనరునే పిలవమనండి.

ఒక్కటి అడగాలి. ఆ నొక్కుకి నాకన్నా ముందు ఇంకెవరి దగ్గరో కూడా ఎనిమిది వేలు వసూలు చేసే ఉంటాడని నా అనుమానం, రింగు మాత్రం మార్చలేదు. ఈ ఊళ్లో 24-70 జీఎం అద్దెకు తీసుకుని ఫిల్టర్ పట్టక ఇబ్బంది పడినవాళ్లు ఎవరైనా ఉంటే, అప్పటి బిల్లుగానీ వాట్సాప్ మెసేజ్‌గానీ ఉంటే, దయచేసి నాకు పంపండి. ఫిర్యాదుకి జత చేస్తాను.