సపెరవి కోసం కఖేతి వెళ్తే రాత్రి అక్కడే ఉండండి

జార్జియా రాజధాని తిబిలిసిలో మెడిసిన్ చదివే మన పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లను చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నలు పనిలో పనిగా తూర్పున ఉన్న కఖేతికి ఒక్కరోజు బస్ టూర్ వేసుకుంటారు. జార్జియా వైన్‌లో సింహభాగం అక్కడిదే మరి. నేనూ అలాంటి బస్సెక్కాను. నాలుగుచోట్ల ఆపి, ఖాళీ కడుపున తలా నాలుగు గుటకలు పోయించి, నేరుగా దుకాణంలోకి తోలారు. భోజనం మూడున్నరకి! సపెరవి అంటే అక్కడి నల్లద్రాక్ష, దాంతో చేసే ఎర్ర వైన్ పేరూ అదే. దాన్ని అలా తాగితే పులుపు, వగరు తప్ప ఏమీ తెలియదు.

మామూలు నల్లద్రాక్షకు రంగంతా తొక్కలోనే ఉంటుంది, సపెరవికి గుజ్జు కూడా ఎరుపే. గ్లాసు వంచితే అంచు దాకా చిక్కటి ఊదా రంగు. చొక్కా మీద పడిందా, ఇక ఆ చొక్కా ఇంట్లో కట్టుకోవడానికే.

బసకి సిగ్నాగి ఊరు అందంగా ఉంటుంది. 18వ శతాబ్దపు కోటగోడ, కింద అలజాని లోయ, ఆ వెనక కాకసస్ కొండలు. కానీ వారాంతంలో జనం, హోటల్ తిండి అంతంతమాత్రం. నా ఓటు తెలవికే. ఊరు సాదాసీదాగా ఉన్నా మంచి సంత ఉంది, త్సినందాలి ఎస్టేటు, అలవెర్ది చర్చి, క్వరేలి ఊరు అన్నీ దగ్గర. నేను దిగిన గెస్ట్‌హౌస్‌లో మెట్లు నిటారు, వేడినీళ్లకి కాసేపు ఆగాలి. రాత్రి భోజనంతో అవన్నీ మర్చిపోయాను.

భోజనానికి ముందు ఆ ఇంటాయన నేలలో మెడదాకా పాతిన క్వెవ్రి మూత తీశాడు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే పెద్ద మట్టి కాగు అది, లోపల తేనెమైనం పూత. పొడుగు కర్రకి కట్టిన సొరబుర్రతో వైన్ తోడి పోశాడు. ఈ పద్ధతిని 2013లో యునెస్కో గుర్తించింది. తెల్లద్రాక్ష ర్కత్సితెలిని తొక్కలతో సహా నెలల తరబడి ఇందులో ఉంచితే తేనె రంగు వైన్ వస్తుంది. వాల్‌నట్ ముద్ద పెట్టి చుట్టిన వేయించిన వంకాయకి అదే సరైన జోడీ. శాకాహారులు బెంగపడక్కర్లేదు.

ద్రాక్షతీగ పుల్లల నిప్పుల మీద కాల్చిన మాంసం (మ్త్స్వాది అంటారు) పచ్చి ఉల్లిపాయతో వచ్చాక సపెరవి సంగతి తెలిసింది. కొవ్వు తగలగానే వగరు తగ్గి, పులుపు నోరూరించింది. మనింట్లో అయితే మిరియాల మటన్ వేపుడుతో బాగుంటుంది. ఆవకాయ జోలికి మాత్రం పోవద్దు, కారానికి వగరు తోడై నోరు మండిపోతుంది. కారం కూరలే ఉంటే అదే ద్రాక్షతో చేసే కాస్త తీపి కింజ్మరౌలి నయం.

క్వరేలిలో కొండని తొలిచిన 7.7 కిలోమీటర్ల ఖరేబా వైన్ సొరంగం చూడదగ్గదే, కాకపోతే బాగా టూరిస్టు వ్యవహారం. రోజంతటికీ కారు, డ్రైవరు మాట్లాడుకోండి. తాగి నడపడం ఎలాగూ కుదరదు. సెప్టెంబరు, అక్టోబరులో కోతల సందడి బాగుంటుంది కానీ గదులు ముందే బుక్ చేసుకోవాలి.

ప్లాస్టిక్ బాటిళ్లలో అమ్మే ఇంటి వైన్ అక్కడే తాగేయండి. ఇండియాకి సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లే తెచ్చుకోవచ్చు, అంటే 750 మి.లీ. సీసాలు రెండు. నేనైతే ఓక్ పీపాల్లో మాగిన ముకుజాని అనే ఎర్ర వైన్ ఒకటి, కింజ్మరౌలి ఒకటి తెచ్చుకుంటాను.