కాండానా, కంటైనరా: క్లస్టర్‌లో ఈఎస్ఎమ్‌వాల్‌టూల్‌కి ఏది మేలు?

కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్లు ప్రతిసారీ అడిగేది ఇదే. "అన్నా, ఈఎస్ఎమ్‌వాల్‌టూల్ కాండాలో పెట్టుకోనా, కంటైనర్ తెచ్చుకోనా?" వాతావరణ మోడళ్ల ఫలితాలను పరిశీలించే టూల్ ఇది. కాండా అంటే ప్యాకేజీలను ఒక్కొక్కటిగా తెచ్చిపెట్టే మేనేజర్. కంటైనర్ అంటే అన్నీ ముందే సర్దిపెట్టిన పెట్టె. పోయిన నెలే మా గ్రూపు కోసం మళ్లీ మొదటి నుంచి పెట్టాను కాబట్టి, మరిచిపోకముందే రాసేస్తున్నాను.

మీ క్లస్టర్‌లో ఎవరైనా ముందే పెట్టి ఉంచారేమో మొదట చూడండి. జర్మనీలోని లెవాంటే, బ్రిటన్‌లోని జాస్మిన్ లాంటి క్లస్టర్లలో మాడ్యూల్ లోడ్ చేసుకుంటే చాలు. అలా ఉంటే ఇక చదవనక్కర్లేదు. పైథాన్ ప్యాకేజీలు దించే పిప్‌తో లాగించేద్దామని మాత్రం అనుకోకండి. గ్రిడ్ మార్చే ఈఎస్ఎమ్ఎఫ్ లైబ్రరీ, ఆర్, ఎన్‌సీఎల్ భాషలు అది తెచ్చిపెట్టదు.

అందరూ జీబీలు లెక్కేస్తారు. నేను ఫైళ్లు లెక్కేస్తాను. కాండా ఎన్విరాన్‌మెంట్ అంటే చిన్న చిన్న ఫైళ్ల కుప్ప. నాది లక్ష దాటింది. హోమ్‌లో సగం జాగా ఖాళీగా ఉండగానే "డిస్క్ కోటా ఎక్సీడెడ్" అని ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోయింది. నిండింది ఫైళ్ల కోటా! సరేనని ఎన్విరాన్‌మెంట్‌ని స్క్రాచ్‌లో, అంటే తాత్కాలిక ఫైళ్ల జాగాలో, పెట్టాను. ప్యాకేజీల కాష్ మాత్రం హోమ్‌లోనే ఉండిపోయింది. రెండూ ఒకే ఫైల్ సిస్టమ్‌లో ఉంటే కాండా హార్డ్ లింకులతో (కాపీ లేకుండా అదే ఫైల్‌కి ఇంకో పేరు) సరిపెడుతుంది, వేరువేరుగా ఉంటే ప్రతిదీ కాపీ చేస్తుంది. అసలు గోల మూడు నెలలకు బయటపడింది. స్క్రాచ్‌లో చాన్నాళ్లు ముట్టని ఫైళ్లను సిస్టమే ఊడ్చేస్తుంది. రోజూ వాడే రెసిపీ (ఏ డేటా మీద ఏ లెక్క చేయాలో టూల్‌కి చెప్పే ఫైల్) బాగానే నడిచింది. ఎప్పుడో ఒకసారి తీసే ఆర్ రెసిపీ నడపబోతే ఏదో ఫైల్ లేదంది. ఇల్లు నిలబడే ఉంది, లోపల చెద తినేసింది.

పైగా క్లస్టర్లలో వాడే లస్టర్ అనే ఫైల్ సిస్టమ్‌కి పెద్ద ఫైళ్లంటే ఇష్టం, చిన్నవంటే చిరాకు. ఇరవై జాబులు ఒకేసారి వదిలితే ప్రతి పైథానూ వేల ఫైళ్ల కోసం, ఏ ఫైల్ ఎక్కడుందో చూసుకునే మెటాడేటా సర్వర్ తలుపు కొడుతుంది. అప్పుడు పక్కవాళ్లు ఫైళ్ల జాబితా కోసం ఎల్ఎస్ కొట్టినా స్క్రీన్ కదలదు. తిట్లు మనకే.

కంటైనర్‌లో ఇదంతా ఎస్ఐఎఫ్ అనే ఒక్క ఇమేజ్ ఫైల్‌లో ఒదిగిపోతుంది. లాగిన్ నోడ్ మీద కంటైనర్లు నడిపే యాప్‌టైనర్‌తో డాకర్ ఇమేజ్ దించుకోండి. జాబులు నడిచే కంప్యూట్ నోడ్లకు చాలాచోట్ల ఇంటర్నెట్ ఉండదు. దించేముందు యాప్‌టైనర్ కాష్‌ని హోమ్ నుంచి తప్పించండి.

దీని తలనొప్పి దీనికీ ఉంది. సీమిప్-6 (వాతావరణ మోడళ్లను పోల్చే ప్రాజెక్టు) డేటా కళ్ల ముందే ఉన్నా "దొరకలేదు" అంటుంది. మామూలుగా కంటైనర్‌కి మీ హోమ్, మీరున్న ఫోల్డర్, టెంప్ లాంటివే కనిపిస్తాయి. డేటా దారిని బైండ్ ఆప్షన్‌తో చూపించాలి. చూపించినా దొరకలేదంటే ఆ ఫైళ్లు సింబాలిక్ లింకులేమో చూడండి. అవి ఎక్కడికి చూపిస్తున్నాయో ఆ దారినీ బైండ్ చేయాలి. నాకు ఒక మధ్యాహ్నమంతా దీనికే పోయింది.

సొంత డయాగ్నస్టిక్ (విశ్లేషణ) స్క్రిప్టు బయట ఉంచి, రెసిపీలో పూర్తి దారి ఇస్తే నడుస్తుంది. కానీ కొత్త ప్యాకేజీ కావాలంటే ఇమేజ్ మళ్లీ కట్టుకోవాలి. రోజుకో ప్యాకేజీ ప్రయత్నించేవాళ్లకి, టూల్ కోడ్‌నే మార్చేవాళ్లకి కాండాయే సుఖం. అప్పుడు కూడా ఊడ్చివేత లేని ప్రాజెక్ట్ డైరెక్టరీలో గ్రూపంతటికీ ఒక్కటే పెట్టండి.

ఉన్న రెసిపీలు నడిపి బొమ్మలు తీసుకునేవాళ్లకి నా ఓటు కంటైనర్‌కే. ఏడాది తర్వాత రివ్యూయర్ ఫలానా బొమ్మ మళ్లీ గీయమంటే అదే ఫైల్ తీసి నడపొచ్చు. పేరులో వెర్షన్ నంబర్ పెట్టుకోండి. నా దగ్గర "కొత్తది", "కొత్తది2" అని రెండున్నాయి, ఏది ఏదో నాకే తెలీదు.