విండోస్ 11 వేసి అమ్ముతున్న పాత లాప్‌టాప్‌లతో జాగ్రత్త

సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనాలని చూస్తున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ముఖ్యంగా పిల్లల చదువు కోసం కొనేవాళ్లు.

మొన్న 2025 దీపావళి వెళ్లాక మా మేనకోడలికి ఒకటి కొన్నాం. బీకాం రెండో ఏడు, టాలీ నేర్చుకోవాలి. మా అక్క చిట్టీ ఎత్తిన డబ్బు నా చేతికిచ్చి "నువ్వే చూసి కొను తమ్ముడూ" అంది. సికింద్రాబాద్‌లో ఒక షాపులో ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నది 15,500కి ఇచ్చారు. "విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది సార్, అందుకే అన్నిటికీ 11 వేసి ఇస్తున్నాం" అన్నాడు షాపాయన. సపోర్ట్ అయిపోయిన మాట నిజమే, అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ ఆపేసింది. ఆన్ చేసి చూపించాడు, 11 చక్కగా నడుస్తోంది. నమ్మి తెచ్చుకున్నాం.

మూడు వారాలు తిరక్కుండానే "మావయ్యా, పని మధ్యలో ఆగిపోయి దానంతటదే రీస్టార్ట్ అవుతోంది" అని ఫోన్. షాపుకు చేస్తే "అది సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం, మళ్లీ వేసుకోండి, మా వారంటీలోకి రాదు" అన్నారు. సరేనని మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే విండోస్ 11 డౌన్‌లోడ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి మొదలుపెట్టాను. నాలుగు క్లిక్కులు కూడా కాలేదు, ఈ పీసీలో విండోస్ 11 నడవదని మెసేజ్ వచ్చింది. నిన్నటిదాకా నడిచింది అదేగా!

అప్పుడు చూశాను ప్రాసెసర్ నంబర్. ఐ5-5300యూ. గీత తర్వాత వచ్చే మొదటి 5 అంటే ఐదో జనరేషన్, 2015 నాటిది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంటుంది. టీపీఎమ్ అనే సెక్యూరిటీ చిప్ 2.0 వెర్షన్ కూడా కావాలి, ఇందులో ఉన్నది 1.2. షాపువాళ్లు ఆ చెకింగ్ జరగకుండా బైపాస్ చేసి ఎక్కించారన్నమాట. అలా ఎక్కిస్తే నడుస్తుంది. కానీ అప్‌డేట్స్‌కు గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. సంగతి తెలిసి తన మెషీన్‌కు తాను చేసుకుంటే అది వాళ్లిష్టం. కొనేవాళ్లకు ఒక్క ముక్క చెప్పకుండా అమ్మడం మాత్రం మోసమే.

పోనీ విండోస్ 10 అయినా వేద్దామని కూర్చున్నాను. ఫైల్స్ కాపీ అవుతుండగా సగంలో ఆగింది, 0ఎక్స్8007025డీ ఎర్రర్. పెన్‌డ్రైవ్ మార్చాను. ఫైల్ మళ్లీ డౌన్‌లోడ్ చేశాను. ఒకసారి 38 శాతం దగ్గర, ఇంకోసారి 61 దగ్గర ఆగింది. ప్రతిసారీ వేరే చోట ఆగుతోంది కాబట్టి ఫైల్ తప్పు కాదేమో అనిపించి, మెమ్‌టెస్ట్86తో బూట్ చేసి ర్యామ్ టెస్ట్ పెట్టాను. పది నిమిషాల్లో ఎర్రర్ల లెక్క వందలు దాటింది. వెనక మూత విప్పితే రెండు 4 జీబీ ర్యామ్‌లు. ఒకదానికి కంపెనీ స్టిక్కర్ ఉంది, రెండోదానికి అసలు స్టిక్కరే లేదు. ఆ రెండోది పీకేసి మళ్లీ మొదలుపెడితే అరగంటలో ఇన్‌స్టాలేషన్ పూర్తయింది. అంటే మొదటినుంచీ ఆగిపోతున్నది కూడా ఆ ర్యామ్ వల్లే. ఇలా వేర్వేరు చోట్ల ఇన్‌స్టాలేషన్ ఆగుతుంటే, ఉన్న ర్యామ్‌లను ఒక్కొక్కటే పెట్టి చూడండి. నాకు రెండు రాత్రులు వృథా అయ్యాయి.

టెస్ట్ వీడియో చూపిస్తే షాపాయన ర్యామ్ మార్చి ఇచ్చాడు. డబ్బు వాపసు మాత్రం కుదరదన్నాడు. బిల్లు చూపించి అడుగుదామంటే దాని మీద "ఐ5 లాప్‌టాప్ 1" అని తప్ప ఏమీ లేదు.

కాబట్టి షాపులోనే విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, ఎమ్‌ఎస్‌ఇన్ఫో32 అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. ప్రాసెసర్ పూర్తి నంబర్, బయోస్ మోడ్ అందులో కనిపిస్తాయి. బయోస్ మోడ్ అంటే కంప్యూటర్ ఆన్ అయ్యే పద్ధతి, అది యూఈఎఫ్ఐ అని ఉండాలి. అలాగే టీపీఎమ్.ఎమ్‌ఎస్‌సీ అని కొడితే టీపీఎమ్ వెర్షన్ వస్తుంది. ఐ5 అనగానే సరిపోదు, ఏ జనరేషనో అడగండి. ప్రాసెసర్ నంబర్, సీరియల్ నంబర్, వారంటీ ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే అక్కడ కొనకండి. అవి రాసి ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసినప్పుడు చేతిలో ఆధారం ఉంటుంది.

ఇప్పుడు దాంట్లో విండోస్ 10 నడుస్తోంది. సపోర్ట్ అయిపోయినా, అదనపు సెక్యూరిటీ అప్‌డేట్స్ కోసం మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో నమోదు చేశాను కాబట్టి అవి 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. ఆ మెషీన్‌కు విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ హాయిగా సరిపోయేది, కానీ అమ్మాయికి టాలీ కావాలి, అది విండోస్ కోసం చేసినది. డిగ్రీ అయ్యేలోపే ఇంకొకటి కొనాల్సి వస్తుందని మా అక్కకు ఇంకా చెప్పలేదు.

ర్యామ్ మార్పించడానికి వెళ్లిన రోజు కూడా ఆ షాపు బల్ల మీద అదే మోడల్‌వి పది దాకా ఉన్నాయి. అన్నిటి మీదా విండోస్ 11 అని కాగితం అంటించి ఉంది.