పదిహేడేళ్ల నిందితుడు: బాలల బోర్డా, పెద్దల విచారణా?

2012 ఢిల్లీ నిర్భయ కేసు నిందితుల్లో ఒకరికి పద్దెనిమిదేళ్లు నిండలేదు. మూడేళ్లకే, 2015 డిసెంబరులో బయటికొచ్చాడు. దేశమంతా రగిలిన ఆ కోపమే 2015 జువెనైల్ జస్టిస్ చట్టానికి ఊపునిచ్చింది. కనీసం ఏడేళ్ల శిక్ష ఉన్న ఘోర నేరంలో 16 నుంచి 18 ఏళ్లవాళ్లు పట్టుబడితే ఇప్పుడు రెండు దారులు.

మొదటిది, పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు దగ్గరే తేలడం. ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు హోమ్‌లో ఉంచి చదువు, కౌన్సెలింగ్, ఏదో ఒక చేతిపని నేర్పడం. ఆ తర్వాత రికార్డు చెరిపేస్తారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి మూడేళ్లంటే ఏపాటి? ఆమె కోపం న్యాయమైనదే.

రెండోది, పిల్లల కోర్టులో పెద్దవాడిగా విచారణ. శిక్ష మూడేళ్లు దాటొచ్చు. ఉరి గానీ, విడుదలకు ఆస్కారం లేని యావజ్జీవం గానీ వేయకూడదు. 21 ఏళ్లు నిండేదాకా జైలుకు పంపరు. అప్పటికి మారాడనిపిస్తే కోర్టు విడిచిపెట్టనూ వచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. రికార్డు మాత్రం మిగిలిపోతుంది.

ఏ దారో తేల్చడానికి మొదటి మెట్టు బోర్డు చేసే ప్రాథమిక అంచనా, అంటే ఆ నేరం చేసే శక్తి, దాని పర్యవసానం తెలిసే బుద్ధి అప్పుడు ఆ పిల్లాడికి ఉన్నాయా అని చూడటం. నాకు భయమంతా అక్కడే. నేరం నాటి మనసును నెలల తర్వాత ఎలా కొలుస్తారు? గురుగ్రామ్ పాఠశాల హత్య కేసులో 2022లో సుప్రీంకోర్టు, బోర్డులో పిల్లల మనస్తత్వ శాస్త్రమో, మానసిక వైద్యమో చదివినవాళ్లు లేకపోతే మనస్తత్వ నిపుణుల సాయం తప్పక తీసుకోవాలంది. అందుకే నేను మొదటి దారివైపే మొగ్గుతాను. అయితే ఆ హోమ్‌లలో కౌన్సెలర్లు కాగితం మీద కాదు, పిల్లల ఎదుట కూర్చుని ఉండాలి.