సిబిల్స్ ఫైనలిస్టుల లిస్టు: పిల్లలకి పుస్తకం కొనేముందు ఓసారి చూడండి

ముందే చెప్పేస్తున్నా, ఇది బ్యాంకోళ్ళ సిబిల్ స్కోర్ గురించి కాదు. అమెరికాలో పుస్తకాల బ్లాగర్లు కలిసి పిల్లల పుస్తకాలకి, టీనేజ్ పుస్తకాలకి 2006లో మొదలెట్టిన అవార్డు ఇది. నేను రివ్యూ రాసేది అవార్డుకి కూడా కాదు, దానికి ముందు వాళ్ళు వదిలే ఫైనలిస్టుల లిస్టుకి. విజయనగరంలో కూర్చుని గుంటలకి ఇంగ్లిష్ కథల పుస్తకాలు కొందామంటే నాకు నిజంగా పనికొచ్చింది అదే.

ఇక్కడ సంగతి తెలిసిందే కదా. గంటస్తంభం చుట్టూ ఎంత తిరిగినా షాపుల్లో ముందు వరసంతా డీఎస్సీ మెటీరియల్, గ్రూప్స్ బిట్ బ్యాంకులు, టెన్త్ గైడ్లు, ఎక్కడో మూలన దుమ్ము పట్టిన నీతికథల సెట్టు. ఆన్‌లైన్‌కి పోతే ఉల్టా, లెక్కలేనన్ని పుస్తకాలు, అన్నిటికీ నాలుగున్నర స్టార్లే, కింద రివ్యూలు చూస్తే "ప్యాకింగ్ బావుంది, టైముకి వచ్చింది" అని ఉంటాయి. పుస్తకం తెరిచి చదివినోళ్ళు ఒక్కరూ కనపడరు.

ఈ లిస్టు ఎలా తయారవుతుందంటే, అక్టోబర్ 1 నుంచి 15 దాకా ఎవరైనా పుస్తకం పేరు పంపొచ్చు, కాకపోతే ఒక్కో కేటగిరీలో మనిషికి ఒక్కటే (మనకి దాదాపు పైడితల్లమ్మ సిరిమాను హడావుడి రోజులు, అప్పుడు ఇంట్లో ఎవరికీ పుస్తకాల ధ్యాస ఉండదనుకోండి). తర్వాత కేటగిరీకో చిన్న ప్యానెల్, అందరూ పిల్లల పుస్తకాల గురించి రాసేవాళ్ళే, వాళ్ళలో లైబ్రేరియన్లూ టీచర్లూ రచయితలూ ఉంటారు, రూపాయి తీసుకోకుండా డిసెంబర్ దాకా చదివి వాదించుకుని కేటగిరీకి ఐదు నుంచి ఏడు పుస్తకాలు తేల్చి జనవరి 1న బయటపెడతారు. రెండో రౌండులో వేరే జడ్జీలు వాటిలోంచి ఒకటి ఎంచి ఫిబ్రవరి 14న చెప్తారు. నేనైతే ఫిబ్రవరి దాకా ఆగను. ఏ పుస్తకం గెలిచిందన్నది వాళ్ళ లెక్క, మా పిల్లకి ఏది సరిపోతుందన్నది నా లెక్క, దానికి ఐదారు పేర్లు చేతిలో ఉంటేనే నయం.

నాకు బాగా నచ్చిందేటంటే వీళ్ళు రెండూ చూస్తారు, రాత బాగుండాలి, పిల్లలకి నచ్చాలి కూడా. ఇది మొదలెట్టిన యాన్ బోల్స్ లెవీ, కెల్లీ హెరాల్డ్‌ల బాధ కూడా అదే, పిల్లల పుస్తకాలకి అమెరికాలో ఇచ్చే పాత అవార్డు న్యూబరీ చూస్తే మరీ పండితుల టేస్టు, జనం ఓట్ల అవార్డులు చూస్తే అమ్మకాల గోల, మధ్యలో ఒకటి ఉండాలి కదా అని. న్యూబరీని తీసిపారేయడం లేదు, 1922 నుంచి ఇస్తున్నారు, గట్టి పుస్తకాలే. కానీ ఆ కమిటీ లోపల ఏం మాట్లాడుకున్నారో బయటికి రాదు, ముందుగా షార్ట్‌లిస్ట్ కూడా ఇవ్వరు. ఇక్కడ మాత్రం ప్రతి ఫైనలిస్టు కింద అది ఎందుకు ఎంచారో చిన్న పేరా ఉంటుంది. నేను ఆ పేరా చదివే కొంటాను, అట్ట మీద స్టిక్కర్ చూసి కాదు.

ఇంకోటి, గ్రాఫిక్ నావెల్స్‌కి, అంటే కామిక్స్‌లా బొమ్మలతో నడిచే కథల పుస్తకాలకి, మొదటి ఏడాది నుంచే వేరే కేటగిరీ పెట్టారు. న్యూబరీ మెడల్ ఒక గ్రాఫిక్ నావెల్‌కి రావడానికి 2020 దాకా పట్టింది. బొమ్మల పుస్తకం చదవడం చదువే కాదనుకునే పెద్దలు అక్కడా ఉన్నారన్నమాట. మా చిన్నది మూడో క్లాసు, అక్షరాలు ఎక్కువున్న పేజీ కనపడితే పుస్తకం మూసేసే రకం. దానికి ఆ కేటగిరీలోంచి ఒకటి తెప్పించాను. కుడిచేత్తో అన్నం, ఎడంచేత్తో పేజీలు, పప్పు మరక ఎక్కడ పడిందో కూడా చూసుకోకుండా, మా అత్తగారికి ఇంగ్లిష్ ముక్క రాకపోయినా పుస్తకం ఆవిడ మొహం ముందు పెట్టి "ఇప్పుడు ఈడు పడతాడు చూడు మామ్మా" అని, ఆవిడేమో కళ్ళజోడు సర్దుకుని "మరి ఆ కుక్కేటి ఊరుకుందే?" అని. ఆ పుస్తకం అట్ట ఊడిపోయింది, మళ్ళీ అంటించాం.

ఇబ్బందులు లేవా అంటే బోలెడు. అమెరికాలోనో కెనడాలోనో అచ్చయిన పుస్తకాలే తీసుకుంటారు, అదీ ఇంగ్లిష్‌లోనో, ఇంగ్లిష్‌తో పాటు ఇంకో భాష ఉన్నవో. అందుకని సమ్మర్ క్యాంపులు, బేస్‌బాల్, మంచు పడి స్కూలు సెలవు, ఇవన్నీ పిల్లలకి విప్పి చెప్పాలి. రేటు ఇంకో దెబ్బ. కొత్తగా వచ్చిన గట్టి అట్ట పిక్చర్ బుక్ చూస్తే గుండె గుభేల్‌మంటుంది, ముప్ఫై రెండు పేజీలకి అంతా! నేను చేసేదేంటంటే ఈ ఏడాది లిస్టు వదిలేసి రెండు మూడేళ్ళ కిందటి లిస్టు తీస్తాను, అప్పటికి చాలావాటికి పేపర్‌బ్యాక్ వచ్చేసి ఉంటుంది, పాత లిస్టులన్నీ వాళ్ళ దగ్గర అలాగే ఉన్నాయి. ఓసారి ఒక ఆన్‌లైన్ సెల్లర్ కొత్తదని చెప్పి ఎవరో పేరు రాసి కొట్టేసిన సెకండ్ హ్యాండ్ కాపీ పంపాడు, రిటర్న్‌కి పదిరోజులు తిప్పాడు, దానికి లిస్టునేం అనలేం లెండి.

టీనేజ్ కేటగిరీ దగ్గర మాత్రం కళ్ళు తెరుచుకుని కొనండి. అది పన్నెండేళ్ళు దాటినోళ్ళకి, అందులో ప్రేమలు, చావులు, డ్రగ్స్ అన్నీ రావచ్చు. వద్దనడం లేదు, మా పెద్దది ఎనిమిదో క్లాసు, చదువుతుంది. ముందు ఆ పేరా నేను చదివి ఇస్తాను. తెలుగులో ఈ వయసుకి రాసినవి ఎంత తక్కువో అప్పుడే అర్థమైంది, చిన్నపిల్లల కథలు అయిపోగానే పెద్దోళ్ళ నవలలే, మధ్యలో మెట్టే లేదు.

సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారం 2010 నుంచి ఉంది, తెలుగుకి ఏడాదికి ఒక అవార్డు, సంతోషమే. నాకు కావాల్సింది ఏ వయసుకి ఏదో విడదీసి, ఎందుకో చెప్పి, ఐదారు పేర్లిచ్చే లిస్టు. కథలు రాసిన కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అనే లైబ్రరీ పెట్టి తెలుగు కథలన్నీ ఒక్కచోటికి చేర్చారంటే అలాంటి ఓపిక మన వైపు ఉన్నట్టే కదా. "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్ళు వేసినవి, స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఫ్రీగా ఉన్న తెలుగువి కలిపి మన టీచర్లే ఓ పదిమంది చదివి వడకట్టినా చాలు, జీతం ఎవరూ ఇవ్వరు, అమెరికాలో వాళ్ళకీ ఇవ్వట్లేదు.

లిస్టుకి నా మార్కులు ఐదుకి నాలుగు, పుస్తకాలు మన ఊర్లో దొరకడానికి రెండు. కొత్తగా చూసేవాళ్ళు ఎలిమెంటరీ గ్రాఫిక్ నావెల్స్‌తో మొదలెట్టండి. పోయెట్రీ కేటగిరీలోవి నేనింకా కొనలేదు, ఎవరైనా పిల్లలతో చదివించి ఉంటే ఎలా ఉన్నాయో చెప్పండి.