పైన్ సీలింగ్‌కు ఆయిల్ వుడ్ స్టెయిన్: ఏళ్లు వాడాక

హాల్లో టంగ్ అండ్ గ్రూవ్ (ఒక పలక అంచు పక్క పలక గాడిలోకి దూరే) పైన్ పలకల సీలింగ్. వాల్‌నట్ (ముదురు గోధుమ) రంగు ఆయిల్ స్టెయిన్, అంటే చెక్కలోకి ఇంకే నూనె రంగు, దానిపైన మెరుపు లేని మ్యాట్ పీయూ (పాలియురెథేన్) పూత. ఎండలూ వానలూ ఏళ్ల తరబడి చూశాక కూడా రంగు నిలిచే ఉంది. కానీ అందులో స్టెయిన్ డబ్బా గొప్పతనం సగమే. పలకలు ఇంకా నేల మీద ఉండగా చేసిన పనే మిగతా సగం.

వేసవిలో పలకలు ఎండి కుంచించుకుపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో రెండు పలకల మధ్య సన్నటి సందు తెరుచుకుంటుంది. బిగించాక రంగు వేసిన సీలింగుల్లో ఆ సందులోంచి రంగు అంటని పచ్చి చెక్క తెల్ల గీతలా కనిపిస్తుంది. వానలు పడ్డాక అదే మూసుకుపోతుంది, మళ్లీ వేసవికి తేలుతుంది. అందుకే గాడిలోకి దూరే అంచుక్కూడా ముందే రంగు పట్టించాలి. పలక వెనకవైపు ఒక కోటు సీలర్ (తేమను అడ్డుకునే పూత) తప్పనిసరి. ఒక్క ముఖమే మూస్తే తేమ రెండో ముఖం నుంచి ఎక్కి పలక దొన్నెలా వంగుతుంది.

పైన్‌తో ఇంకో చిక్కు మచ్చలు. మెత్తటి భాగం రంగు బాగా తాగుతుంది, గట్టి భాగం తాగదు. 120తో, తర్వాత 150 నంబరు ఉప్పు కాగితంతో రుద్ది, స్పిరిట్ ఎక్కువ కలిపిన పల్చటి లక్క ఒక కోటు వేసి, ఆరాక 180తో తేలిగ్గా రుద్దాలి. మైనం తీసిన లక్కే కొనండి, లేకపోతే పైన వేసే పీయూకి పట్టు దొరకదు. ముడుల మీద లక్క రెండు కోట్లు, ఎందుకంటే అక్కడి జిగురు తర్వాత బయటికి ఊరుతుంది.

12 × 14 అడుగుల గదికి ఒక కోటుకు లీటరున్నర స్టెయిన్ సరిపోతుంది. అడుగున దిగిన రంగుపొడి పైకొచ్చేలా డబ్బాను బాగా కలపాలి. గుడ్డతో రాసి, ఐదు నుంచి పది నిమిషాల్లో మిగులు తుడిచెయ్యాలి. తుడవకుండా వదిలేసిన చోట బంకబంకగా ఉండిపోతుంది, పీయూ అక్కడే ఊడుతుంది. పలక ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఆగకుండా లాగాలి, మధ్యలో ఆపితే అతుకు చార శాశ్వతం. ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి.

ముసురు రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. స్టెయిన్ ఆరడానికే రెండు మూడు రోజులు పడుతుంది, లక్క పాలలా తెల్లబడుతుంది.

లోపాలూ ఉన్నాయి. ముదురు రంగు వెలుతురును మింగేస్తుంది, సాయంత్రాలు అదనంగా ఒక లైటు కావాలి. కిటికీ పక్క రెండు పలకలు కాస్త వెలిశాయి. ఎత్తు తొమ్మిది అడుగులే ఉంటే వాల్‌నట్ వద్దు, లేత టేకు రంగు చాలు. ఇప్పటికే బిగించిన సీలింగైతే పల్చటి స్టెయిన్ జోలికి పోకుండా కారని జెల్ స్టెయిన్ తీసుకోండి.