స్పెయిన్ యాత్ర: అమ్మతో మాడ్రిడ్, సెవిల్, గ్రనాడా

అమ్మ గుడ్డు కూడా ముట్టదు, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేదు. అలాంటి మనిషితో స్పెయిన్ వెళ్లేవాళ్లు బోర్డుల మీద, మెనూల్లో కనిపించే కొన్ని స్పానిష్ మాటలు ముందే నేర్చుకుంటే బసా భోజనం రెండూ బాగుంటాయని గట్టిగా చెప్తాను. త, ద మనలాగే పలుకుతారు కాబట్టి తెలుగు నోటికి కష్టం కాదు.

బసకు నాకు బాగా నచ్చింది సెవిల్. సాంతా క్రూస్ పేటలో ఒక 'ఒస్తాల్'లో దిగాం. పేరు చూసి డార్మిటరీ అనుకోవద్దు. అది చిన్న లాడ్జిలాంటిది, గదులు విడిగానే ఉంటాయి. 'సిన్' అంటే లేకుండా. 'సిన్ అసెన్సోర్' అని రాసి ఉంటే లిఫ్ట్ లేదని, పెద్దవాళ్లుంటే ఆ చోటు వదిలేయండి. 'ఇంతేరియోర్' గదికి కిటికీ లోపలి వైపు ఉంటుంది. వెలుతురు తక్కువే, కానీ వీధి గోల వినపడదు. ఇద్దరికి వేరే మంచాలు కావాలంటే 'దోస్ కామాస్' అని అడగాలి. కుళాయి మీద 'సి' అంటే 'కలియెంతే', వేడినీళ్లు! చల్లనీళ్లకు 'ఎఫ్'. పెద్దవాళ్లకు ఇది ముందే చెప్పాలి.

అసలు టెన్షన్ తిండి దగ్గరే. 'సిన్ కార్నే' (మాంసం లేకుండా) అని చెప్తే సరిపోదు. పంది మాంసపు 'హమోన్', ట్యూనా చేప 'అతూన్' ఆ లెక్కలోకి రావని చాలామంది అనుకుంటారు. 'ఎన్సలాదా మిక్స్తా' అనే సలాడ్‌లో ట్యూనా మామూలే. చల్లటి టమాటా సూప్ 'సల్మొరేహో' మీద గుడ్డు, హమోన్ చల్లుతారు. 'తోర్తియా' అంటే అక్కడ బంగాళాదుంప ఆమ్లెట్. అందుకే ప్రతి చోటా 'యేవా హమోన్? యేవా వెవో?' (హమోన్ వేశారా, గుడ్డు వేశారా) అని అడిగేదాన్ని. సెవిల్‌లో పాలకూర, సెనగల వంటకం 'ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్' అమ్మ ఇష్టంగా తిన్నది. జీలకర్ర, వెల్లుల్లి వాసన తెలిసినదే కదా! కెథెడ్రల్ దగ్గర ఒక హోటల్లో మాత్రం అడగని బ్రెడ్ పెట్టి బిల్లులో వేశారు. 'పాన్' అనే మాట బిల్లులో చూసుకోండి.

భోజనానికి గ్రనాడాదే మొదటి స్థానం. డ్రింక్ చెప్తే చాలు, చాలా బార్లలో చిన్న పళ్లెం తిండి, 'తాపా', ఉచితంగా వస్తుంది. ఏది ఇవ్వాలో ఎక్కువగా వాళ్లే నిర్ణయిస్తారు కాబట్టి ముందే 'సోయ్ వెహెతరియానా' (నేను శాకాహారిని) అని చెప్పాలి. మగవాళ్లయితే 'వెహెతరియానో'. చెరకు పాకం పోసిన వంకాయ వేపుడు తప్పక తినండి.

మధ్యాహ్నం రెండింటికి 'మెనూ దెల్ దియా' దొరికితే రెండు వంటకాలు, డ్రింక్, డెజర్ట్ ఒకే ధరకు వస్తాయి. రాత్రి తొందరగా ఆకలేస్తే కష్టమే, 'కొసీనా సెర్రాదా', వంటిల్లు మూసి ఉందంటారు. 'ఆగ్వా దెల్ గ్రీఫో' అడగండి, 2022 చట్టం ప్రకారం కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలి.

మాడ్రిడ్ అతోచా స్టేషన్ సేవలు బాగున్నాయి. 1992లో మొదలైన హైస్పీడ్ లైన్‌లో సెవిల్‌కు సుమారు రెండున్నర గంటలు. 'వీయా' అంటే ప్లాట్‌ఫాం నంబరు, బయల్దేరడానికి కాసేపటి ముందే తెర మీద పడుతుంది. 'రెత్రాసో' కనిపిస్తే రైలు ఆలస్యం. 'కొన్సీగ్నా' సామాను దాచే చోటు.

గ్రనాడాలోని పాత కోట అల్హంబ్రా 'ఎంత్రాదా', అంటే టికెట్, చాలా ముందే కొనాలి. అందులోని నాస్రిద్ వంశపు రాజభవనాల్లోకి టికెట్ మీద ఉన్న సమయానికే వెళ్లనిస్తారు. అసలు పాస్‌పోర్ట్ కూడా దగ్గర పెట్టుకోండి.